వెళ్ళే ముందు నాలుగు మాటలు

(మన సంఘం ఉగాది సభలో, ఆర్మీ మెడికల్ కోర్‌కు చెందిన ఒక విశ్రాంత సుబేదారు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు సూదులు వేసి, కట్లు కట్టి, రిజిస్టర్లు రాసిన మనిషిని. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మన పిల్లలు కొందరు ఐక్యరాజ్యసమితి మిషన్లకి వెళ్తున్నారు. రిటైరైనవాళ్ళు కొడుకుల దగ్గరికి, కూతుళ్ళ దగ్గరికి విదేశాలకి వెళ్తున్నారు. మీరు కాంగో వెళ్ళొచ్చారు కదా, ఏదైనా పనికొచ్చేది చెప్పండి" అన్నారు. పనికొచ్చేది అంటే నాకు తోచింది ఒక్కటే. వెళ్ళే ముందు ఆ ఊరి భాషలో నాలుగు మర్యాద మాటలు నేర్చుకోండి. ఇది కొత్త సంగతేమీ కాదు, అందరూ చెప్పేదే. కానీ ఆ నాలుగు మాటలు ఎలా నేర్చుకోవాలో తెలియక నేనొక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు సంగతి చెప్పి కూర్చుంటాను.

ముందు మనందరికీ తెలిసిన కథతో మొదలుపెడతాను. మాది శ్రీకాకుళం జిల్లా. 1984లో భర్తీ అయ్యాను. హిందీ అంటే బళ్ళో చదివిన హిందీయే, పరీక్ష పాసయ్యేంత. ట్రైనింగ్ సెంటర్లో మొదటి వారం మా ఉస్తాద్ గారి దగ్గరికి వెళ్ళి, ఎంతో వినయంగా, చేతులు కట్టుకుని, "ఉస్తాద్, తుమ్ కహా జాతా హై?" అన్నాను. నా లెక్కలో "తుమ్" అంటే "మీరు". ఆయన లెక్కలో అది "నువ్వు". తరవాత ఏం జరిగిందో ఇక్కడున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఫ్రంట్ రోల్. (నవ్వులు) నవ్వుతున్నవాళ్ళలో సగం మంది ఆ రోల్ కొట్టినవాళ్ళే అనుకుంటాను!

ఆ రోజు నాకు అర్థమైంది ఇంతే: మనసులో ఉన్న మర్యాద ఎదుటివాడికి కనబడదు. మాటలో ఉన్నదే వినబడుతుంది. పైగా మన తెలుగువాళ్ళకి ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన మర్యాద అంతా మాట చివర ఉంటుంది. "రండి", "కూర్చోండి", "గారు", "అండి". వేరే మాట అక్కర్లేదు. ఇంట్లో అమ్మ కంచంలో అన్నం పెడితే ఎవరైనా "ధన్యవాదాలు" అంటారా? అంటే అమ్మ కంగారుపడుతుంది, వీడికి ఒంట్లో బాగులేదేమో అని. మంచినీళ్ళు కావాలంటే "కొంచెం మంచినీళ్ళు ఇవ్వండి" అంటాం. ఆ "కొంచెం"లో, ఆ "ఇవ్వండి"లో ఉంది మర్యాద. అదే మాటని మక్కీకి మక్కీ ఇంగ్లీషులోకో ఫ్రెంచిలోకో మారిస్తే "నీళ్ళు ఇవ్వు" అని మిగులుతుంది. మనం మొరటువాళ్ళం కాదు, మన "అండి" సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, అంతే. దాని బదులు అక్కడ ఏం వాడతారో ముందే తెలుసుకుని వెళ్ళాలి.

ఇప్పుడు 1986 సంగతి. ఉత్తరాదిన ఒక మిలిటరీ హాస్పిటల్లో నర్సింగ్ అసిస్టెంట్‌గా ఉన్నాను. రెండు రోజుల నుంచి కడుపులో నొప్పి. కొత్త కుర్రాణ్ణి, చెప్పుకుంటే పని ఎగ్గొట్టడానికి అనుకుంటారని భయం. మూడో రోజు నిలబడలేకపోతే నన్నే వార్డులో పడుకోబెట్టారు. పొద్దున కర్నల్ సాబ్ రౌండ్‌కి వచ్చారు. పంజాబీ సర్జన్. "కైసే హో?" అని అడిగారు. మనం ఏమంటాం? తల తెగిపడినా "ఠీక్ హై సాబ్" అంటాం. నేనూ అదే అన్నాను. ఆయన రెండు అడుగులు ముందుకు వేసి, ఆగి, జేబులోంచి చిన్న డైరీ తీసి, ఒక పేజీ వెతికి, నా వైపు చూసి, "ఎకడ నోపీ, తమ్ముడూ?" అన్నారు.

నొక్కి పలకాల్సిన చోట నొక్కలేదు. అయినా అది తెలుగు. ఆ మాట వినగానే నా నోట్లోంచి హిందీ పోయింది. "కుడివైపు సార్, కింద, నిన్నటి నుంచి ఎక్కువైంది" అని గబగబా తెలుగులో చెప్పేశాను. ఆయనకి నేను చెప్పింది అర్థం కాలేదు. కానీ నా చెయ్యి ఎక్కడికి పోయిందో చూశారు. ఆ మధ్యాహ్నమే అపెండిక్స్ ఆపరేషన్ అయింది.

తరవాత ఆ డైరీ నాకు చూపించారు. తమిళం, మలయాళం, మరాఠీ, నేపాలీ, బెంగాలీ, తెలుగు, ఇంకా కొన్ని. ప్రతి భాషలోనూ అవే నాలుగైదు ముక్కలు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, భయపడకు, ఇంటి దగ్గర అందరూ బాగున్నారా. ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "హిందీలో అడిగితే ప్రతివాడూ ఠీక్ హై అంటాడు. అది జవాబు కాదు, సెల్యూట్. వాడి భాషలో అడిగితే అప్పుడు జవాబు చెబుతాడు."

మన సైన్యంలో ఇది పాత సంప్రదాయమే. గూర్ఖా పల్టన్‌కి వెళ్ళిన అధికారి గూర్ఖాలీ నేర్చుకుంటాడు. మద్రాసు రెజిమెంటుకో మద్రాసు సాపర్లకో వెళ్ళిన ఉత్తరాది అధికారి తమిళం ముక్కలు పట్టుకుంటాడు. అక్కడ మన తెలుగువాళ్ళం కూడా అందరితో పాటు "తంబీ"లమే. కింద పనిచేసే మనిషి భాష పైనున్నవాడు నేర్చుకోవాలన్న ఈ పద్ధతి, వేరే దేశం వెళ్ళినప్పుడు మనకి ఎందుకు గుర్తుకు రాదు? నాకూ రాలేదు. అదే నా తప్పు.

2008లో నేను నాయబ్ సుబేదారుగా కాంగో వెళ్ళాను. కాంగోతో మన సైన్యానికి పాత బంధం ఉంది. 1960 నుంచి 1964 దాకా అక్కడ నడిచిన మొదటి ఐక్యరాజ్యసమితి మిషన్లో మన బ్రిగేడ్ ఉంది. 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో, అంటే ఇప్పటి లుబుంబాషిలో, కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా వీరమరణం పొంది పరమవీరచక్ర అందుకున్నది ఆ మిషన్లోనే. మేం వెళ్ళిన మిషన్ రెండోది. అప్పుడు దాని పేరు మోనుక్. 2010 జులై 1 నుంచి మోనుస్కో అయింది. మా మకాం గోమా. కివు సరస్సు ఒడ్డు, పక్కనే రువాండా సరిహద్దు, ఎత్తున నైరాగోంగో అగ్నిపర్వతం. 2002 జనవరిలో ఆ కొండ పగిలి లావా ఊళ్ళోకి వచ్చింది. మేం వెళ్ళేసరికి కూడా ఎక్కడ చూసినా నల్లటి రాయి, ఆ రాయి మీదే ఇళ్ళు, దానితోనే గోడలు. బూటు అడుగులు మూడు నెలల్లో అరిగిపోయేవి.

కాంగోలో అధికార భాష ఫ్రెంచి. జాతీయ భాషలు నాలుగు: కికోంగో, లింగాలా, స్వాహిలి, చిలూబా. తూర్పు వైపు జనం నోట్లో ఉండేది స్వాహిలి. వెళ్ళే ముందు మాకు ఒక కాగితం ఇచ్చారు. అందులో పది మాటలు. "జాంబో" అంటే నమస్కారం. "హబారి" అంటే ఎలా ఉన్నారు. "న్‌జూరి" అంటే బాగున్నాను. "అసాంతె" అంటే థాంక్స్. "తఫధాలి" అంటే ప్లీజ్. "క్వాహెరి" అంటే వెళ్ళొస్తాను. విమానంలో కూర్చుని బట్టీ పట్టాను. దిగాక అవి పనిచేస్తుంటే ఎంత సంబరమో! దారిన పోయే పిల్లలకి "జాంబో!" అంటే వాళ్ళు పదిమంది "జాంబో!" అని వెంట పరుగెత్తేవారు. అక్కడివాళ్ళు పుస్తకంలో ఉన్నట్టు "అసాంతె" అనరు, "అక్సాంతి" అంటారు. "న్‌జూరి" అనరు, "ముజూరి" అంటారు. అదీ పట్టేశాను. ఇంకో విశేషం చూడండి, స్వాహిలిలో మనకి తెలిసిన మాటలు బోలెడు. బండిని "గారి" అంటారు, మన గాడీయే. కొట్టుని "దుకా" అంటారు, దుకాణమే. చాయ్ చాయే, చపాతీ చపాతీయే. మందుని "దవా" అంటారు. దవాఖానా అనే మన హైదరాబాదువాళ్ళకి ఇది నేర్పక్కర్లేదు. నెల తిరిగేసరికి నాకు స్వాహిలి వచ్చేసిందనే అనుకున్నాను. అదే ప్రమాదం.

ఆ ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో గోమాకి ఉత్తరాన పోరు ముదిరింది. వేలాది జనం ఊళ్ళు వదిలి, నెత్తిన పరుపులు, వంటపాత్రలు పెట్టుకుని, కిబాటి వైపు దిగివచ్చారు. కలరా కూడా సోకింది. ఆ రోజుల్లోనే మావాళ్ళు ఒకచోట వైద్య శిబిరం పెట్టారు. డాక్టరు ఒకరు, జనం వందల్లో. వరసలో ఎవరిని ముందు పంపాలో చూసే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. మా దుబాసీ ఒక స్థానిక కుర్రవాడు, ఫ్రెంచి, ఇంగ్లీషు, స్వాహిలి మూడూ వచ్చు. అతను డాక్టరు గారి దగ్గర ఉన్నాడు. "నాకు భాష వచ్చులే, నేను చూసుకుంటాను" అని నేనే పంపేశాను.

ఒకావిడ వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. రంగుల బట్టతో వీపుకి కట్టుకున్న పిల్లవాడు, ఏడాదిన్నర వయసుంటుంది, తల పక్కకి వాల్చి నిద్రపోతున్నాడు. నేను నవ్వుతూ "జాంబో మామా! హబారి?" అన్నాను. ఆవిడ నా కళ్ళలోకి చూసి, మెల్లగా, "ముజూరి... లాకిని..." అంది.

"ముజూరి" అంటే బాగున్నాను. కాగితంలో అంతే ఉంది. వెనక వరసలో ఒకడు కాలికి గాయంతో మూలుగుతున్నాడు. ఈవిడకి తొందరేం లేదని రాసుకుని, చీటీ చేతిలో పెట్టి, చెట్టు కింద కూర్చోమని చెయ్యి చూపించాను. ఆవిడ వెళ్ళి కూర్చుంది. తిరిగి ఏమీ అనలేదు. యూనిఫాం వేసుకున్నవాడితో ఎవరు వాదిస్తారు?

ముప్పావు గంట గడిచింది. దుబాసీ కుర్రవాడు మంచినీళ్ళకి అటువైపు వెళ్ళి, ఆవిడతో రెండు మాటలు మాట్లాడి, పిల్లవాణ్ణి ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. వాడు నిద్రపోవడం లేదు. విరేచనాలతో ఒంట్లో నీళ్ళన్నీ పోయి సోలిపోయాడు. కళ్ళు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే అలాగే మడతపడి ఉంది. నాకు ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. ఆ బట్ట ఒక్కసారి తొలగించి చూసి ఉంటే క్షణంలో తెలిసేది. డాక్టరు గారు ఒక్క మాట మాట్లాడకుండా నరం వెతికి సెలైన్ ఎక్కించారు. రెండుసార్లు సూది తప్పింది. మూడోసారి దొరికింది.

ఆ రోజు సాయంత్రం దుబాసీని పక్కకి పిలిచి, "ఆవిడ బాగున్నానంది కదయ్యా" అన్నాను. అతను నన్ను "చెఫ్" అని పిలిచేవాడు. "చెఫ్, హబారి అంటే ఎవరైనా ముజూరి అనే అంటారు. ఇంట్లో శవం ఉన్నా అదే అంటారు. అది మర్యాద. అసలు సంగతి దాని తరవాత చెబుతారు. ఆవిడ లాకిని అంది కదా, మీరు వినలేదా?" అన్నాడు.

విన్నాను. "లాకిని" అంటే ఏమిటో తెలుసా అండి? మన హిందీలో "లేకిన్". అదే మాట. అరబ్బీ నుంచి అటూ వెళ్ళింది, ఇటూ వచ్చింది. "బాగున్నాను, కానీ..." అంది ఆవిడ. గారి, దుకా, దవా అని మాటలు పోల్చుకుని మురిసిపోయినవాణ్ణి, ఆ ఒక్క మాట చెవిన పడీ పట్టించుకోలేదు. నా కాగితంలో ఆ మాట లేదు మరి!

ఆ రాత్రి నాకు కర్నల్ సాబ్ డైరీ గుర్తొచ్చింది. నేను ఆయనతో "ఠీక్ హై సాబ్" అన్నాను. ఆయన అక్కడ ఆగలేదు, కనుక నేను బతికి ఇక్కడ మాట్లాడుతున్నాను. ఆవిడ నాతో "ముజూరి" అంది, నేను ఆగిపోయాను. మనది మాత్రం వేరేనా? మా ఊళ్ళో "ఏటి బావా, బాగున్నావేటి?" అంటే, అప్పుల్లో మునిగినవాడు కూడా "ఆఁ, బాగున్నాం" అనే అంటాడు. తరవాత అరుగు మీద కూర్చుని, ఓ చుట్ట కాల్చాక, అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి.

పిల్లవాడు నిలిచాడు. మూడో రోజు కళ్ళు తెరిచి, బిస్కెట్ కోసం చెయ్యి చాపాడు. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళాను. క్షమాపణ చెప్పాలి. దుబాసీ రెండు మాటలు నేర్పాడు. మన తప్పుకి మన్నింపు అడగడానికి "సమహాని". ఎదుటివాళ్ళ కష్టానికి "పోలె". ఇంగ్లీషులో రెండిటికీ "సారీ" ఒక్కటే. స్వాహిలిలో వేరు. ఎవరైనా కాలు జారితే పోలె. జ్వరమొస్తే పోలె. బరువు మోస్తూ ఎదురైతే పోలె. ఇంట్లో మనిషి పోతే "పోలె సానా". మన "అయ్యో" అన్నమాట. మనం కూడా ఎదుటివాడు తట్టుకుంటే, మన తప్పేమీ లేకపోయినా, "అయ్యో" అంటాం కదా. నేను ఆవిడ ముందు నిలబడి, "సమహాని, మామా. పోలె సానా" అన్నాను. ఆవిడ కాసేపు నన్ను చూసి, "అక్సాంతి" అంది. నేను ఆలస్యం చేసినందుకు ఆవిడ నాకు థాంక్స్ చెప్పింది. ఆ మాట నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

మర్నాడే ఒక నోటుబుక్కు కొని మూడు గళ్ళు గీశాను. మొదటి గడిలో మాట. రెండో గడిలో అది ఎప్పుడు, ఎవరితో అనాలి. మూడో గడిలో ఎదుటివాళ్ళు దానికి ఏమంటారు, ఆ తరవాత మనం ఏమనాలి. మాకిచ్చిన కాగితంలో మొదటి గడి ఒక్కటే ఉంది. మిగతా రెండూ లేకపోతే మొదటిదానితో లాభం లేదు, ఒక్కోసారి నష్టమే. "హబారి" గడిలో నేను రాసుకున్నది ఇది: "ముజూరి అంటారు. ఆగకూడదు. మళ్ళీ అడగాలి, ఇంటి హబారి, పిల్లల హబారి, పని హబారి." అక్కడ పలకరింపు అలాగే గొలుసులా సాగుతుంది. "హబారి యా ముతోతో?" అంటే పిల్లవాడి సంగతేమిటి అని. ఆ ఒక్క ప్రశ్న ఆ రోజు అడిగి ఉంటే ముప్పావు గంట మిగిలేది.

ఆ తరవాత నా నోటుబుక్కు స్నేహితుల అనుభవాలతో కూడా నిండింది. కొన్ని చెబుతాను, మీకూ పనికొస్తాయి.

శ్రీలంకలో మన శాంతి దళం 1987 జులై నుంచి 1990 మార్చి దాకా ఉంది. నా మిత్రుడొకడు, సాపరు, మన తెలుగువాడే, అక్కడ చెక్‌పోస్టులో పనిచేశాడు. వాడికి తమిళం సినిమాల నుంచి వచ్చింది. "వా", "పో", "నిల్లు" తెలుసు. అవన్నీ "రా", "పో", "నిలబడు". రోజూ సైకిలు మీద వచ్చే ఒక ముసలి మాస్టారుతో కూడా అలాగే అనేవాడు. ఆయన దిగేవాడు, నిలబడేవాడు, తల ఎత్తేవాడు కాదు. ఒకరోజు తంజావూరు జవాను ఒకడు చెప్పాడట, "పెద్దవాళ్ళతో వాంగ అనాలిరా, జాఫ్నా వైపు వాంగో అంటారు" అని. మర్నాడు మావాడు "వాంగో, ఐయా" అన్నాడు. ఆ మాస్టారు తల ఎత్తి మొహంలోకి చూశాడట. అంతే, ఇంకేమీ జరగలేదు. కానీ మావాడు ఆ చూపు గురించి ఇప్పటికీ చెబుతాడు. తుపాకీ పట్టుకున్నవాడి నోట "రా"కీ "రండి"కీ ఎంత తేడా ఉందో మనం ఆలోచించుకోవాలి. సింహళంలో పలకరింపు "ఆయుబోవన్". దీర్ఘాయుష్షు కలగాలని దీవెన. థాంక్స్‌కి "ఇస్తూతి" అంటారు, మన స్తుతి మాటే. ఇవి మనకి ఎంత దగ్గరో చూడండి.

భూటాన్‌లో మన శిక్షణ బృందంలోనో, రోడ్లు వేసే దంతక్‌లోనో పనిచేసినవాళ్ళు ఈ సభలో ఉండే ఉంటారు. అక్కడ పలకరింపు "కుజుజాంగ్పో లా". ఆ చివర "లా" ఉంది చూశారూ, అది అచ్చం మన "అండి". మాట చివర తగిలిస్తే మర్యాద వస్తుంది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా వాళ్ళు "యెస్ లా" అంటారు. తెలుగువాడికి ఇంతకంటే తేలికైన పాఠం ఉంటుందా?

లెబనాన్‌లో మన పటాలాలు 1998 నుంచి పనిచేశాయి. అక్కడికి వెళ్ళొచ్చిన ఒక హవల్దారు నాకు మంచి మాట రాయించాడు. పని చేసుకుంటున్న మనిషి పక్కనుంచి వెళ్ళేటప్పుడు "యఅతీక్ అల్ ఆఫియే" అనాలట. దేవుడు నీకు ఆరోగ్యం ఇవ్వాలని అర్థం. ఆడవాళ్ళతో అయితే "యఅతీకి". ఆలివ్ తోటలో కాయలు దులుపుతున్న రైతుతో ఈ మాట అంటే, అతను చేతిలో కర్ర దించి "అల్లా యఆఫీక్" అనేవాడట. గస్తీ తిరిగే జీపుకి అంతకంటే మంచి రక్షణ ఏముంటుంది? గల్ఫ్‌లో ఉద్యోగాలకి వెళ్ళే మన రిటైరైన సోదరులు "షుక్రన్"తో ఆగకండి. "అఫ్వన్" అనే జవాబు కూడా నేర్చుకోండి.

ఇక అమ్మానాన్నలుగా అమెరికా వెళ్ళేవాళ్ళ సంగతి. అక్కడ కొట్లో బిల్లు వేసే అమ్మాయి "హౌ ఆర్ యూ?" అంటుంది. మా బంధువు ఒకాయన, పాపం, అడిగింది కదా అని మోకాళ్ళ నొప్పి సంగతి మొదలుపెట్టాడు. (నవ్వులు) వెనక వరస పెరిగిపోయింది. అక్కడ అది ప్రశ్న కాదు, పలకరింపు. "గుడ్, థాంక్యూ, హౌ ఆర్ యూ?" అని తిరిగి అంటే చాలు. కాంగోలో నేను జవాబు దగ్గర ఆగిపోయి తప్పు చేశాను. ఆయన ఆగకుండా తప్పు చేశాడు. అందుకే రెండో గడి, మూడో గడి కావాలంటున్నాను. ఫ్రాన్స్‌లో కొట్లోకి అడుగుపెట్టగానే ముందు "బోంజూర్" అనాలి, తరవాతే ధర అడగాలి. ఆ మాట లేకుండా తిన్నగా ధర అడిగితే, మీరెంత సౌమ్యంగా అడిగినా, మర్యాద తెలియనివాళ్ళ కింద లెక్క.

కాబట్టి నా మనవి. వెళ్ళే ముందు ఏడు మాటలు చాలు. పలకరింపు. దానికి జవాబు. పెద్దవాళ్ళని పిలిచే పిలుపు. థాంక్స్. మన్నించండి. ఎదుటివాళ్ళ కష్టానికి "అయ్యో". ఏడోది, అన్నిటికంటే ముఖ్యమైంది, "నాకు అర్థం కాలేదు, కొంచెం మెల్లగా చెప్పండి". ఆ ఏడో మాట నేను కాంగోలో నేర్చుకుని ఉంటే "లాకిని" దగ్గర ఆగేవాణ్ణి. పుస్తకంలో చదవడం కాదు, ఆ భాష మాట్లాడే మనిషి నోట వినండి. ఈ రోజుల్లో పెద్ద కష్టం కాదు, మీ కొడుకు ఆఫీసులోనో, యూనిట్‌లో ముందు వెళ్ళొచ్చినవాళ్ళలోనో ఎవరో ఒకరు దొరుకుతారు. పలకడం తప్పుతుందని సిగ్గుపడకండి. కర్నల్ సాబ్ "నోపీ" అన్నా నాకు నొప్పి అనే వినబడింది.

ఫోన్‌లో అనువాదం చేసే యాప్‌లు ఉన్నాయి కదా అని కుర్రాళ్ళు అడుగుతారు. ఉన్నాయి, వాడండి, మందుల పేర్లకీ దారి అడగడానికీ అవి మేలే. కానీ మీరు ఫోన్ చూస్తున్నంతసేపూ ఎదుటి మనిషి మొహం చూడరు. వీపున ఉన్న పిల్లవాణ్ణి అసలే చూడరు. పలకరింపు మాత్రం నోటితోనే చెయ్యండి.

కొరియా యుద్ధంలో 1950 నుంచి మన 60వ పారాచ్యూట్ ఫీల్డ్ అంబులెన్స్ పనిచేసింది. మా మెడికల్ కోర్‌వాళ్ళం ఆ పేరు చెప్పుకుని గర్వపడతాం. అప్పటి నుంచి మన దేశం పేరు చెప్పగానే చాలాచోట్ల జనానికి ముందు గుర్తొచ్చేది ఒక డాక్టరో, నర్సో, రోడ్డు వేసిన సాపరో. మనం నోరు విప్పి అనే మొదటి మాట ఆ పేరుని నిలబెట్టొచ్చు, చెడగొట్టొచ్చు.

2025 జనవరిలో గోమా మళ్ళీ తిరుగుబాటుదారుల చేతిలోకి పోయిందని టీవీలో చూశాను. ఆ నల్లరాతి వీధులు, నెత్తిన మూటలతో జనం, నేను చూసినట్టే. ఆ పిల్లవాడికి ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు దాటి ఉండాలి. ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో. ఎవరైనా ఎదురై "హబారి?" అంటే "ముజూరి" అనే అంటాడు. అడిగినవాళ్ళు అక్కడితో ఆగకుండా ఇంకో మాట అడగాలని నా కోరిక.



జై హింద్.